చలిలోంచి చప్పుడు

రాత్రి ప్రయోగశాలలో తబిత ఒక్కతే ఉంది. నిమ్‌పురా రైల్వే యార్డులో డ్యూటీ దిగి, తండ్రి జ్ఞానరత్నం అన్నం పట్టుకొచ్చాడు. ఉక్కు పాత్రలో, ద్రవ హీలియం చలిలో, చిన్న స్ఫటికం ఉంది.

"సూడు నాన్నా! సలికి ముడుసుకోవాల్సింది పోయి ఒక పక్కకి సాగతంది. ఇంకాసేపట్లో లోపలి అమరికే మార్సుకుంటాది," అంది తెర మీద స్ఫటికం కొలతలు చూపించి మురిసిపోతూ.

లోపల టిక్కుమంది.

"అదిగో, మారిపోనాది!"

రోజూ రైలు చక్రాలను సుత్తితో తట్టి పగుళ్లు పసిగట్టే జ్ఞానరత్నం, అలవాటుగా పాత్రను వేలితో రెండుసార్లు తట్టాడు. లోపలి నుంచి రెండుసార్లు బదులొచ్చింది. తబిత నవ్వు ఆగిపోయింది.

"పగిలిపోతందా నాన్నా?"

ఆయన చెవి ఆనించాడు. చప్పుడు వరసగా, కొంచెం కొంచెం పక్కకు జరుగుతోంది.

"పగులు సప్పుడు కాదమ్మా," అన్నాడు మెచ్చుకోలుగా. "ఎవడో సెయ్యి తిరిగినోడే. మనలో పగులెక్కడుందో తట్టి సూస్తన్నాడు."