మూటకట్టిన బాదంపప్పు

ఏటవతలి తోటలో ఉన్న పెద్ద బడికి ఉడుత కూతురు నీలవేణి తెల్లారితే బయలుదేరాలి. తల్లి మూడు రోజులుగా బాదంకాయలు కొరికి, పప్పు తీసి, ఆకుల్లో మూటలు కడుతూనే ఉంది.

"వదినా, పిల్లని చదువుకి పంపుతున్నావా, కొట్టు పెట్టిస్తున్నావా?" అంది పక్క కొమ్మ మీది చిలక.

"ఇవి అయిపోతే ఏం తిననమ్మా? నాకు కాయ కొరకడం రాదుగా," అంది కూతురు.

తల్లి మూట కట్టడం ఆపేసింది. ఇన్నాళ్ళూ పిల్ల చేత ఒక్క కాయైనా కొరికించలేదు మరి! మూటలన్నీ చిలకకి ఇచ్చేసి, కూతురి చేతికి గట్టి కాయ ఇచ్చింది.

మొదటిది జారి ఏట్లో పడింది. రెండోది చిలక నెత్తిన పడింది. పొద్దువాలే వేళకి మూడోది పగిలింది. నుజ్జయిన పప్పులో సగం కూతురు తల్లి నోట్లో పెట్టింది.

"ఎలా ఉందమ్మా?"

"అన్నీ పెంకులేనే!" అంటూ తల్లి కమ్మగా నమిలి మింగి, "ఇక పొద్దున్నే హాయిగా వెళ్ళిరా," అంది.