మనుషులుండే ఇల్లు

“బాగాలేదు,” అంది ఆమె గుమ్మంలో నిలబడి.

వడ్రంగి సుత్తి కింద పెట్టాడు. పొద్దున్నుంచి ఆ మాట వినీ వినీ అలవాటైపోయింది. “ఇంకా ఏం బాగాలేదమ్మా? అద్దంలా సర్దాం కదా.”

“అదే బాబాయ్. షాపులో చూపించడానికి పెట్టినట్టుంది. మనుషులుండే ఇల్లులా లేదు.”

సోఫాను గోడ దగ్గర్నుంచి లాగి గదికి అడ్డంగా తిప్పింది. చెప్పుల స్టాండు తలుపు వెనక్కి జరిపింది. తలుపు ఇక సగమే తెరుచుకుంటోంది. కుర్చీ మీద ఉతికిన బట్టలు గుట్టగా పోసింది. నడవాలో పిల్లల సైకిలు ఆనించింది. వెనక్కి వచ్చి చూసి, మళ్లీ వెళ్లి దాన్ని అంగుళం జరిపింది. ఒకచోట కాలు నిలవడం లేదు.

“మంచం కింద పెట్టెలు తీసేయనా?”

“ఉండనీ. మంచం కింద ఖాళీగా ఉన్న ఇల్లు నువ్వెక్కడైనా చూశావా?”

వడ్రంగి నవ్వాడు. “మా ఆవిడైతే మంచం కింద ఇంకో కాపురమే పెట్టింది.”

ఫోను మోగింది. తమ్ముడు.

“అక్కా, అంతా అయిందా? వంటగది ఏ వైపొచ్చింది? సోఫా ఎక్కడేశావ్?”

“వచ్చి చూసుకో.”

“నాక్కూడా చెప్పవా?”

“నీకే చెప్పను. ఏమైనా తిన్నావా?”

“సయించలేదు. అక్కా, ఈసారి ఉంటాలే.”

ఫోను పెట్టేసింది. పోయినసారి వాడు ఇంట్లో అడుగుపెట్టాడో లేదో, ఊపిరాడట్లేదంటూ బయటికి వచ్చేశాడు. ఇవాళ కూడా అలాగే వచ్చేస్తే ఇక ఇంకో అవకాశం లేదు. డిగ్రీ అయిన దగ్గర్నుంచి ఎక్కడా కుదురుగా నిలవని మనిషి. “వాడికి ఇబ్బంది లేకుండా చూడవే, నీ చేతిలో పనే కదా,” అని అమ్మ పొద్దున మరీ మరీ చెప్పింది.

ఆమె చెప్పుల స్టాండు దగ్గరికి వెళ్లింది. అవతలికి తోస్తే దారి సాఫీగా ఉంటుంది. తోసింది కూడా.

“అదీ, అలా ఉండాలి,” అన్నాడు వడ్రంగి. “వచ్చేది నీ తోడబుట్టినవాడు. కాస్త దారి వదిలితే ఎవరేమంటారు?”

ఆమె చున్నీతో మొహం తుడుచుకుంది. గదంతా ఒకసారి కలియజూసింది.

“వాడు వెళ్లే ఇళ్లన్నీ నేను సర్దగలనా బాబాయ్?”

స్టాండును మళ్లీ తలుపుకు అడ్డంగా లాగింది.

బయటినుంచి ఎవరో టైమైందని కేక వేశారు. వడ్రంగి పనిముట్లు సంచిలో వేసుకుని ముందు నడిచాడు.

ఆమె చివరగా బయటికి వచ్చి, హెల్మెట్లు పెట్టుకుని నీళ్ల గొట్టాలతో వరుసగా నిలబడ్డ ఫైర్ సర్వీసు ట్రైనీల్లో అందరికంటే ముందున్న తమ్ముడి మొహం చూడకుండా, “అంటించండి,” అంది.