పక్క సీటు

టైలరమ్మ భర్త ప్రతి ఫుట్‌బాల్ మ్యాచ్‌కీ ఒంటరిగానే వెళ్లేవాడు. ఇంటికొచ్చాక మాత్రం ఎవరితోనో కబుర్లాడి వచ్చినవాడిలా ముసిముసిగా నవ్వుకునేవాడు. ఆమెకు ఒళ్లు మండిపోయేది. ఆ రాత్రి అతని వెనకే వెళ్లి, అతని పక్క సీటుకే టికెట్ అడిగింది.

"పాత చెక్క గ్యాలరీ తగలబడినప్పుడు అక్కడో అమ్మాయి పోయిందమ్మా. అప్పట్నుంచీ ఆ సీటు ఎవరికీ అమ్మం," అన్నాడు కౌంటర్లో ముసలాయన.

వేరే టికెట్ కొని, దూరం నుంచే కనిపెట్టుకుని కూర్చుంది. మ్యాచ్ అయిపోయింది, జనం వెళ్లిపోయారు. లైట్లు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. అతను మాత్రం ఖాళీ సీటు వైపు వంగి, భార్యతో ఏనాడూ మాట్లాడనంత మెత్తగా ఏదో చెబుతున్నాడు.

ఆమె విసవిసా వెళ్లి అందులో కూర్చోబోయింది. చెయ్యి ఆనిస్తే సీటు వెచ్చగా ఉంది.

అతను ఆమె వైపు చూడలేదు.

"కాస్త జరుగు," అన్నాడు ఆ సీటుతో. "మా ఆవిడొచ్చింది."