పచ్చ ఈగ పిల్లల పెంపకం

బండ మీద సగం తిన్న కుందేలు పడి ఉంది. దాన్ని చూసి ముంగిస రెండడుగులు వెనక్కి వేసింది. వానకు ముందు కుందేలుతో పోట్లాడింది తనే. చినుకు పడగానే వాగు దాటి వెళ్ళింది. వాగు పొంగడంతో ఈ పొద్దుటిదాకా ఆ ఒడ్డునే ఉండిపోయింది. కుందేలు వానకు ముందే చచ్చిందని తేలితే ముంగిస పని అయిపోయినట్టే. తీర్పు చెప్పేది చిరుత.

సాక్ష్యానికి పచ్చ ఈగను పిలిచారు. శవం మీద మొదట వాలి గుడ్లు పెట్టేది అదే. చావు ఇంటికి అంత ముందుగా చుట్టాలు కూడా రారు.

"నా పిల్లలు ఎంత బొద్దుగా ఉన్నారో చూడండి! ఇంత ఎదిగారంటే వానకు ముందే పుట్టినట్టు," అంది ఈగ.

చిరుత పంజా లేచింది.

"పిన్నీ," అంది ముంగిస. "ఎప్పుడూ పొదల నీడలో పెంచేదానివి. ఈసారి కాలే బండ మీద పెంచావు. వేడికి తొందరగా ఎదగరూ?"

"అదేం కాదు. అంతా నా పెంపకం!"

"నా ప్రాణం పోతుంది పిన్నీ."

ఈగ బండ మీద కాలు ఆనించి, చురుక్కుమంటే తీసేసింది. పిల్లల గొప్ప బండకిచ్చెయ్యడం ఏ తల్లికైనా కష్టమే.

"బండ వేడే అయ్యుంటుంది. వాన వెలిశాకే పుట్టారు," అని గొణిగింది.

వాన వెలిశాక ఈ ఒడ్డున వేటాడింది ఎవరని ఎవరూ అడగలేదు. అందరికీ ఒక్కసారిగా ఇంటిపనులు గుర్తొచ్చాయి. చిరుత మూతి నాక్కుని, "ముంగిసను వదిలేశాం," అంటూ పొదల్లోకి నడిచింది.

ఈగ మాత్రం చిరుత వెనకే ఎగిరింది. దానికి మళ్ళీ గుడ్లు పెట్టే వేళయింది.