మాల తీసే వేళ

డ్రయర్‌లోంచి తీసిన నల్ల పంచలు మడతపెడుతున్నాను. దీక్ష ముగిసిందని అత్తయ్య మా ఆయన మెడలోని అయ్యప్ప మాల తీయబోయింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నారు.

“తియ్యొద్దమ్మా.”

“నలభై ఒక్క రోజులు చుక్క ముట్టలేదు స్వామీ! ఇక మానేసినట్టే.”

“పోయినేడూ ఇలాగే అన్నావు. తీసిన గంటకే మందు షాప్‌కి డ్రైవ్ చేశాను. ఈ నలభై ఒక్క రోజులూ లెక్కపెట్టుకుంది దానికోసమేనమ్మా. ఉంచెయ్యి, నీ కాళ్ళు పట్టుకుంటాను.”

ఫ్రిజ్ మీది కాగితం తెచ్చాను.

“ఎన్నాళ్ళుంచుతారండీ? లైబ్రరీ బోర్డు మీద చూసి రాసుకొచ్చాను. తాగుడు మానాలనుకునేవాళ్ళు రోజూ కలుస్తారట. ఐదింటికి, చర్చి కింద హాల్లో.”

అత్తయ్య మండిపడింది. “చర్చిలోనా? తాగుబోతుల మధ్య నా కొడుకా?”

“మరి నేనెవర్నమ్మా?”

ఆ మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

అత్తయ్య మళ్ళీ చెయ్యి చాపింది, ఈసారి ఆయన ఆపలేదు. ఆమె మాల తీసి దేవుడి ముందు పెట్టింది. గుమ్మం దగ్గరున్న బూట్ల మంచు దులిపి, తెచ్చి కొడుకు కాళ్ళ ముందుంచింది.

మాల తీశాక ఎవరూ స్వామీ అని పిలవరు. ఆమె పిలిచింది.

“వెళ్ళిరా స్వామీ.”

ఆయన కాగితం జేబులో పెట్టుకుని, బూట్లు తొడుక్కుని బయటికి వెళ్ళిపోయారు.