ఆంటీ కొట్టలేదు

తలుపు తీసుకుని కౌన్సిలర్ బయటికి రాగానే తల్లి లేచి నిలబడింది.

“పాప అంతా చెప్పిందమ్మా. పోలీసులూ పక్కగదిలోంచి విన్నారు. ఇక మళ్లీ మళ్లీ ఎవరూ అడగరు.”

తల్లి ఆమె చేయి పట్టుకుంది. “ముందు నాకే చెప్పిందండీ. సొంత తమ్ముడు కదా... మామయ్య మీదే నిందలేస్తావా అని దాని చెంప పగలగొట్టాను.”

అంతలో పాప పరుగెత్తుకొచ్చింది.

“అమ్మా! మామయ్య సంగతి చెప్పినా ఆంటీ కొట్టలేదు. నన్ను నమ్మింది!”

తల్లి నేలమీద చతికిలబడింది. కూతురి మొహం చూడలేక, చిన్న చెప్పుల మీద చూపు నిలిపింది.

“తప్పు నాదే తల్లీ. మామయ్య ఇక మనింట్లో ఉండడు. ఒట్టు.”

పాప కౌన్సిలర్ వైపు తిరిగింది.

“నిజమేనా ఆంటీ?”