కొంగుముడి ప్లాన్

ఓస్లో ప్రయాణానికి సత్యవాణి కందిపొడి పొట్లాలు కడుతుంటే, ఆమె భర్త ఉమాపతి సోఫాలో కూర్చుని ఫోన్‌లో ఈసిమ్ ప్లాన్లు చూస్తున్నాడు. విదేశాల్లో డేటా లేని మనిషికి తలుపులు తెరుచుకోవడం మానేసి చాలా ఏళ్లయింది. డ్రైవర్లు లేని కార్లకు కూడా అలాంటి మనిషి కనిపించడు.

"జంటలకైతే కొంగుముడి ప్లానే చవక. ఒకరి పేరున ఈసిమ్ తీసుకుంటే, పక్కన నడిచేవాళ్లకీ అదే సరిపోతుంది. పోయినసారీ అదేగా తీసుకున్నాం," అన్నాడు ఉమాపతి.

పోయినసారి లిస్బన్‌లో ఈసిమ్ అతని పేరున ఉంది. గడియారాల దుకాణం కనబడగానే అతను రోడ్డు దాటి వెళ్లిపోయాడు. సత్యవాణి ఇవతలే ఉండిపోయింది. ఏ కారూ ఆమె కోసం ఆగలేదు. వాన మొదలైతే, వెనక ఉన్న కాఫీ హోటల్ తలుపు కూడా తెరుచుకోలేదు. చాలాసేపటికి అతను తిరిగొచ్చి, "ఇంకా ఇక్కడే ఉన్నావేంటి?" అన్నాడు.

సత్యవాణి ఆఖరి పొట్లానికి రబ్బరు బ్యాండు వేసింది.

"అలాగే, కొంగుముడే తీసుకోండి. కాకపోతే ఈసారి నా పేరున తీసుకోండి."

"ఎవరి పేరునుంటే ఏంటే? ఇద్దరం కలిసే తిరుగుతాంగా!"

"అందుకేనండీ," అని ఆమె పొట్లాలు పెట్టెలో సర్దడం మొదలుపెట్టింది.

ఉమాపతి ఆమె పేరు నమోదు చేయబోయి ఆగాడు. లిస్బన్‌లో రాని సందేహం అతనికి ఇప్పుడు వచ్చింది.

"ఇంతకీ ఇది ఎంత దూరం వరకు పనిచేస్తుందే?"